నవలకు మారుపలుకు: వేసవి పఠనంలో మననం, పరకాయ ప్రవేశం

నవల చదివిన విద్యార్థి దానికి తనదైన మారుపలుకు ఇవ్వడం, అంటే ఒక పాత్రకు ఉత్తరం రాయడం, కథలో నోరు విప్పని మనిషి పక్షాన ఒక పేజీ రాయడం, ముగింపును మరోలా ఊహించడం, కథ జరిగిన ఊరికి పటం గీయడం వంటి పనులు చేయడం, వేసవి సెలవులకు తగిన కాలక్షేపమనే సాధారణంగా అనుకుంటారు. ఏప్రిల్ చివర బడులు మూతపడి జూన్ రెండో వారంలో తిరిగి తెరిచే దాకా దొరికే ఏడు వారాల్లో పిల్లల చేతికి ఒక పుస్తకం అందించాలన్న ఆలోచన మెచ్చదగినదే అయినా, ఆ పుస్తకంతో వారు చేసే పని ఎటువంటిదన్న విచారణ మాత్రం అంతగా జరగలేదు. అది వినోదమా, పరీక్షకే మరో రూపమా, లేక భారతీయ తత్త్వ సంప్రదాయం సాధన అని పిలిచిన దానికి దగ్గరి చుట్టమా అన్నది ఇక్కడ విచారించవలసిన ప్రశ్న. మరొకరి బతుకును ఊహలో అనుభవించడం సాధ్యమా, సాధ్యమైనా ధర్మమేనా, అక్కడికి వెళ్లి వచ్చిన మనిషికి చివరికి ఏమి దక్కుతుంది అన్నవి దాని వెంటే వచ్చే ప్రశ్నలు.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మను గురించి చెబుతూ, దానిని వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసన చేయాలి అని మూడు మెట్లు చూపుతాడు. అద్వైత వేదాంతులు ఈ మూడింటికీ వేరువేరు పనులు అప్పగించారు. శ్రవణం వల్ల వాక్యం ఏమి చెబుతోందో నిశ్చయమవుతుంది. మననం వల్ల ఆ చెప్పినది పొసగుతుందా లేదా అన్న సందేహం యుక్తితో తీరుతుంది. నిదిధ్యాసన, అంటే నిశ్చయమైన అర్థం మీద మనసును ఎడతెగకుండా నిలపడం, విపరీత భావనను తొలగిస్తుంది. బుద్ధికి తప్పని తెలిసిన తరువాత కూడా మనసులో వేరూని ఉండిపోయే పాత అలవాటుకే విపరీత భావన అని పేరు. నవల శ్రుతి కాదు కనుక, అది ప్రమాణంగా నిలబడి మోక్షాన్ని బోధించదు కనుక, ఈ మూడు మెట్లను యథాతథంగా నవలా పఠనానికి అన్వయించడం తగదు. అయినా తెలిసినది జీర్ణమయ్యే క్రమం ఏమిటన్న విషయంలో ఆ విభజన ఎంతో నేర్పుతుంది. కథాసంగ్రహం రాయండి, పాత్ర స్వభావం వివరించండి అని అడిగే బడి ప్రశ్నలు శ్రవణం దగ్గరే ఆగిపోతాయి. గైడులో జవాబు దొరికే ప్రశ్నకు మననంతో అవసరమే ఉండదు.

కావ్యం మనిషిని మార్చే తీరు వేరని ఆలంకారికులు మొదటి నుంచీ గుర్తించారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుని ఆశ్రయంలో ‘ప్రతాపరుద్రీయం’ రచించిన విద్యానాథుడు, తన ముందటి ఆలంకారికుల బాటలోనే, ఉపదేశాన్ని మూడు విధాలుగా విభజించాడు: వేదం ప్రభువులా శాసిస్తుంది, పురాణం మిత్రునిలా నచ్చజెబుతుంది, కావ్యం కాంతలా మనసును కరిగించి తన వైపు తిప్పుకుంటుంది. ఈ మూడో దానికే కాంతాసమ్మితమని పేరు. ప్రభువు ఆజ్ఞకు విధేయత చాలు, మిత్రుని మాటకు అంగీకారం చాలు; కాంతాసమ్మితమైన మాట మాత్రం వినేవాని హృదయం నుంచి బదులు కోరుతుంది. నవల చివర నీతి ఏమిటో రాయమని విద్యార్థిని అడగడమంటే కాంతాసమ్మితాన్ని ప్రభుసమ్మితంగా మార్చడమే. మారుపలుకు అడిగితేనే నవల తన స్వభావంలో తాను నిలుస్తుంది.

ఆ బదులు ఇవ్వడానికి కూడా ప్రతిభ కావాలని రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో చెప్పాడు. కవికి ఉపకరించే ప్రతిభను కారయిత్రి అనీ, చదువరికి ఉపకరించే ప్రతిభను భావయిత్రి అనీ విడదీసి, కవి నాటిన చెట్టు ఫలించడం భావయిత్రి వల్లనేనని ఆయన భావించాడు. చదువరులను నాలుగు తెగలుగా కూడా విభజించాడు. ఏదీ రుచించనివారు ఒకరు, గడ్డితో సహా అన్నీ మింగేవారు మరొకరు, అసూయతో చదివేవారు ఇంకొకరు, తత్త్వం మీదనే మనసు నిలిపేవారు నాలుగోవారు. తొమ్మిదో తరగతి పిల్లలు సాధారణంగా మొదటి రెండు తెగల మధ్య ఊగుతుంటారు. నాలుగో తెగ వైపు వారిని నడిపించే మార్గం ఉపన్యాసం కాదు, చేతికి పని అప్పగించడమే. పాత్ర పక్షాన ఒక పేజీ రాయడానికి కూర్చున్న విద్యార్థిలో కారయిత్రి, భావయిత్రి రెండూ ఒకే చోట పనిచేస్తాయి.

ఈ పద్ధతి తెలుగువారికి కొత్తదీ కాదు, అరువు తెచ్చుకున్నదీ కాదు. వాల్మీకి రామాయణంలో దాదాపు మౌనంగా మిగిలిపోయిన ఊర్మిళను తెలుగు స్త్రీలు తమ పాటలో మాట్లాడించారు. పద్నాలుగేళ్ల నిద్ర నుంచి లేచిన ఆమె, ఎదుట నిలబడినది భర్తేనని గుర్తించక పరాయి మగవాడనుకొని నిలదీసే ‘ఊర్మిళాదేవి నిద్ర’ తరతరాలుగా ఇళ్లలో పాడుకున్న పాట. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత శూర్పణఖను, అహల్యను, ఊర్మిళను కలుసుకొని మాట్లాడుతుంది. పురాణ కాలక్షేపంలో శ్రోత అడిగిన సందేహానికి పౌరాణికుడు కథ ఆపి సమాధానం చెప్పడం పల్లెల్లో మామూలు సంగతి. కథ విన్నవారికి కథను తిరిగి అడిగే హక్కు ఉందని ఈ సంప్రదాయం మొదటి నుంచీ ఒప్పుకుంది. ఆ హక్కును చిన్నవారికి కూడా ఇవ్వడమే వేసవి పఠనంలో జరగవలసిన పని.

ఈ విచారణకు ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల తగిన ఉదాహరణ. సహాయ నిరాకరణోద్యమ కాలంలో జైలులో ఉండగా ఆయన రాసిన ఈ నవల 1922లో వెలువడింది, తరువాత మద్రాసు ప్రభుత్వపు నిషేధానికి గురయింది. అదే 1922లో గుంటూరులో బాలికల విద్య కోసం శారదానికేతనాన్ని స్థాపించిన వ్యక్తి రచన కావడం వల్ల, విద్య, నవల ఒకే సంకల్పం నుంచి పుట్టాయని గ్రహించవచ్చు. కథకు కేంద్రం మాలపల్లెలో భక్తుడుగా, తత్త్వాలు తెలిసినవాడుగా పేరున్న రామదాసు కుటుంబం. కొడుకు సంగదాసు భూస్వామి చౌదరయ్య దగ్గర పాలేరు; చౌదరయ్య కొడుకు రామానాయుడికి అతడు ప్రాణస్నేహితుడు. కూలి గురించి వచ్చిన తగాదాలో చౌదరయ్య కొట్టిన దెబ్బకు సంగదాసు చనిపోతాడు. మరో కొడుకు వెంకటదాసు తిరుగుబాటు దారి పట్టి, ఉన్నవారిని దోచి లేనివారికి పంచే తక్కెళ్ల జగ్గడుగా మారుతాడు. రామదాసు మాత్రం జైలుపాలైనా తన నిబ్బరాన్ని వదలడు. ఒకే దుఃఖానికి ఒకే ఇంట్లో ఇన్ని రకాల బదులు కనిపించడం వల్ల, చదివేవారి నుంచి కూడా బదులు కోరడం ఈ నవలకు సహజం.

ఒక పని ఎలా సాగుతుందో దగ్గరగా చూడవచ్చు. సంగదాసు చనిపోయిన మర్నాటి తెల్లవారుజామున అతని తల్లి ఏమి చేసిందో ఒక పేజీలో రాయమని, కృష్ణా గుంటూరు ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టిన ఒక పద్నాలుగేళ్ల బాలికను అడిగారనుకుందాం. ఆమె లేచి బావి దగ్గరకు వెళ్లిందని మొదటి వాక్యం రాయగానే బాలిక కలం ఆగుతుంది, ఎందుకంటే ఏ బావి అన్నది తెలియదు. ఊరిబావిని ముట్టే హక్కు ఆమెకు లేదు. పల్లెకు తనదైన బావి లేకపోతే ఎవరో ఒకరు వచ్చి పైనుంచి కడవలో పోసే దాకా దూరంగా నిలబడాలి. పొయ్యి వెలిగించిందని రాద్దామంటే, చావు జరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగువారు అన్నం తెచ్చి పెడతారు. కానీ కూలి మీదనే ఆధారపడిన వాడలో, తగాదా నడుస్తున్న రోజుల్లో, ఇరుగుపొరుగు ఇళ్లలో మాత్రం గింజలు ఎక్కడివి? బాలిక ఈ ప్రశ్నలతో నవల దగ్గరకు తిరిగి వెళుతుంది, అక్కడ దొరకనివి ఇంట్లో నానమ్మను అడుగుతుంది. నానమ్మ కాసేపు మాట్లాడకుండా ఉండి, తన చిన్నప్పుడు బావి గట్టుకు దూరంగా కడవలతో నిలబడిన ఆడవాళ్ల సంగతి చెబుతుంది. ఆ సాయంత్రం పశువుల కొట్టం గోడ మీద, పనికి వచ్చేవారి కోసమని విడిగా బోర్లించి ఉంచిన గ్లాసు బాలిక కంటపడుతుంది. రోజూ కనిపించే ఆ గ్లాసు అంతకు ముందు ఎన్నడూ ఆమెకు ప్రశ్నగా తోచలేదు. ఆ పేజీ పూర్తయినా కాకపోయినా మననం జరిగింది. ఆ గ్లాసు అక్కడి నుంచి తీయడమా, ఉంచడమా అన్న ఆలోచన ఆమెను వదలకపోతే నిదిధ్యాసన కూడా మొదలయింది.

ఇక్కడ రససిద్ధాంతం నుంచి ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. కావ్యంలోని భావం ఆస్వాదనీయం కావాలంటే అది సాధారణీకరణం చెందాలని, అంటే ఫలానా దేశకాలాలకు, ఫలానా వ్యక్తికి కట్టుబడకుండా అందరిదీ కావాలని భట్టనాయకుడు చెప్పాడు. అభినవగుప్తుడు ఆ భావనను స్వీకరించి విస్తరించాడు. అలాగైతే సంగదాసు తల్లి దుఃఖం కేవలం మాతృశోకంగా మారిపోయి, దానికి కారణమైన కులం, కూలి, భూమి పక్కకు తప్పుకోవా? కన్నీరు పెట్టిన చదువరి తన సహృదయతను చూసుకొని తృప్తిపడి, పుస్తకం మూసి వెళ్లిపోడా? ఆక్షేపణ బలమైనదే, పఠన శిబిరాల్లో తరచు జరిగేదీ అదే. అయితే ఆలంకారికుల మాటను సరిగా గ్రహిస్తే సమాధానం అందులోనే ఉంది. సాధారణీకరణంలో తొలగిపోయేది ఇది నాది, ఇది శత్రువుది, ఇది నాకు సంబంధం లేనివారిది అన్న చదువరి అహంకార సంబంధమే. దుఃఖానికి కారణమైన విభావం తొలగదు, ఎందుకంటే విభావం లేనిదే రసనిష్పత్తి లేదు. విభావమంటే భావాన్ని మేల్కొలిపే వ్యక్తులు, పరిస్థితులు. మాలపల్లిలో విభావం బావి, గింజలు, చౌదరయ్య ఎత్తిన చేయి. వీటిని చెరిపివేసి శోకాన్ని మాత్రమే మిగుల్చుకొన్న పఠనం సామాజికంగా ఎంత లోపమో, రసశాస్త్ర రీత్యా కూడా అంతే లోపం. కనుక పాత్ర పక్షాన రాసేటప్పుడు ఏమి అనిపించింది అన్న ప్రశ్న కంటే ముందు ఏమి ఉంది, ఏమి లేదు అన్న ప్రశ్నను విద్యార్థి ముందు ఉంచాలి.

చౌదరయ్య మనసులోకి వెళ్లి రాయమనడం ఇంకా కఠినమైన పని. నీచ పాత్రలను అనుకరించేవారికి ఆ నీచత్వమే అలవాటవుతుందని ప్లేటో ‘రిపబ్లిక్’ గ్రంథంలో భయపడి, నగర రక్షకులు కావలసిన పిల్లలకు అటువంటి అనుకరణను నిషేధించాడు. ఆ భయాన్ని కొట్టిపారేయలేము. హంతకుని పక్షాన చక్కగా వాదించగల నేర్పు హత్యను చిన్నదిగా కూడా చూపగలదు. దీనికి బదులు శంకరాచార్యుల గురించి సంప్రదాయం చెప్పే పరకాయ ప్రవేశ కథలో కనిపిస్తుంది. మండనమిశ్రుని భార్య ఉభయభారతి అడిగిన ప్రశ్నలకు సమాధానం వెతకడానికి ఆయన మరణించిన అమరుక మహారాజు శరీరంలో ప్రవేశించి, వెళ్లేముందు తన శరీరాన్ని శిష్యుల కాపలాలో ఉంచాడని, రాచభోగాల్లో తన్ను తాను మరచిపోగా శిష్యులు గాయకుల వేషంలో వచ్చి పాటతో స్వస్వరూపం గుర్తుచేశారని ఆ కథ. అనుభవించి తెలుసుకోవలసినది ఉంది కనుక ప్రవేశం తప్పలేదు. మరపు ప్రమాదం ఉంది కనుక కాపలా తప్పలేదు. చౌదరయ్య దినచర్య రాసిన విద్యార్థికి కూడా ఆ కాపలా ఉండాలి. రాసిన పేజీ కింద, ఇందులో చౌదరయ్య తనకు తాను చెప్పుకున్న అబద్ధం ఏ వాక్యంలో ఉంది అన్న ప్రశ్నకు తన సొంత గొంతుతో జవాబు రాయించడం అటువంటి కాపలా. తాను అన్యాయం చేస్తున్నానని అనుకోకుండానే మనిషి అన్యాయం చేయగలడన్న ఎరుక నీతివాక్యాల కంఠస్థం వల్ల రాదు. ఆ అబద్ధాన్ని తన చేతితో రాసి, తన కంటితో పట్టుకున్నప్పుడే వస్తుంది.

పరకాయ ప్రవేశం అందరికీ ఒకే విధంగా వర్తించదన్నది మరచిపోకూడని మరో విషయం. తరగతిలో మాలపల్లె నుంచే వచ్చిన విద్యార్థికి సంగదాసు పరుడు కాదు, ఇంటి చరిత్రలోని మనిషి. అతనిని నిలబెట్టి మీవారి కష్టం చెప్పమనడం గాయాన్ని ప్రదర్శనకు పెట్టడమే అవుతుంది. రామదాసు ఓర్పును నిలదీస్తూ ఉత్తరం రాయడమో, రామానాయుడి స్నేహం చివరికి ఏమి చేయగలిగిందో, ఏమి చేయలేకపోయిందో తూచడమో అతనికి ఇష్టమైతే ఎంచుకునే స్వేచ్ఛ ఉండాలి. ఏమీ రాయకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉండాలి. నిజానికి మాలపల్లి రచయిత కూడా ఆ పల్లెలో పుట్టినవాడు కాదు. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన ఆయన చేసినది కూడా పరకాయ ప్రవేశమే, ఆ ప్రవేశానికి ఉండే ఘనత, హద్దు రెండూ నవలలో కనిపిస్తాయి. తరువాతి తరాల్లో దళిత రచయితలు తమ చరిత్రను తామే చెప్పుకున్నారు. 2000లో వెలువడిన జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ అందులో ముఖ్యమైనది. ఒక నవలకు మరో నవల ఇచ్చిన బదులు ఎలా ఉంటుందో విద్యార్థులకు చూపడానికి ఈ రెండింటినీ ఒకే వేసవిలో పక్కపక్కన ఉంచి చదివించడం మంచి మార్గం.

ముగింపు మార్చే అభ్యాసం దైవానికి, పురుషకారానికి మధ్య ఉన్న ప్రాచీన వివాదంలోకి తీసుకువెళుతుంది. దైవమంటే ముందే నిర్ణయమైన కర్మఫలం, పురుషకారమంటే మనిషి ఇప్పుడు చేసే ప్రయత్నం. రెండింటిలో ఏది గొప్పదన్న ప్రశ్నకు మహాభారతంలోని ఆనుశాసనిక పర్వం పొలం, విత్తనాల పోలికతో సమాధానం ఇస్తుంది. పురుషకారం పొలమైతే దైవం విత్తనం, రెండూ కలవనిదే పంట లేదు. యోగవాసిష్ఠంలో వసిష్ఠుడు ఇంకా ముందుకు వెళ్లి, దైవమనేది వెనుకటి పౌరుషమేనని, నేటి పౌరుషం దానిని జయించగలదని రామునికి బోధిస్తాడు. మాలపల్లిలో రామదాసు నిబ్బరం, వెంకటదాసు తిరుగుబాటు ఈ వివాదానికే మనుష్య రూపాలు. సంగదాసు బతికి ఉంటే కథ ఏమయ్యేదో రాయమన్నప్పుడు, అద్భుతాలు జరగకూడదని, మార్పుకు మూలం నవలలోనే ఎక్కడో ఒక చోట ఉండాలని ఒక్క నియమం పెడితే చాలు. అప్పుడు విద్యార్థి నవలను వెనుక నుంచి ముందుకు చదువుతూ, ఎవరు ఎక్కడ మాట్లాడి ఉండవచ్చు, ఎవరు ఏ క్షణంలో చేయి పట్టుకొని ఆపి ఉండవచ్చు అని వెతుకుతాడు. తప్పనిసరిగా తోచిన మరణం, ఎందరో ఊరుకోవడం వల్ల జరిగిందని ఆ వెతుకులాటలో బయటపడుతుంది. కర్మ అన్న మాటను నోరు మూయించే మాటగా కాకుండా, చేసిన పనికీ చేయని పనికీ కూడా ఫలం ఉంటుందన్న బాధ్యతగా గ్రహించడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

ఇటువంటి అభ్యాసానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. ఊరి గ్రంథాలయం, ఒక నోటు పుస్తకం, వారానికి ఒక సాయంత్రం పదిమంది కూర్చునే చోటు ఉంటే చాలు. వేసవి శిబిరాలు నడిపే గ్రంథాలయాలకు ఇది అందని పని కాదు. నవల పెద్దదైతే ఇంట్లో పెద్దలు పైకి చదివి వినిపించవచ్చు, శ్రవణం అన్న మాటకు అసలు అర్థం అదే. చెరువు, ఊరిబావి, కళ్లం, పల్లె ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీయడం రాయలేని పిల్లలకు కూడా చేతనయిన పని. ఆ పటంలో ఎవరు ఎంత దూరం నడవాలో కొలిచినప్పుడు నవలలోని అన్యాయం అడుగుల లెక్కలో కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం కచ్చితంగా మానాలి. ఈ పేజీలకు మార్కులు వేయకూడదు, పోటీ పెట్టి మొదటి బహుమతి ప్రకటించకూడదు. ఫలం మీద కన్ను పడిన క్షణంలో విద్యార్థి పాత్ర కోసం కాక పరీక్షకుని కోసం రాస్తాడు, అప్పుడు నిష్కామంగా జరగవలసిన మననం మళ్లీ గైడు జవాబుగా మారుతుంది.

మరొకరి బతుకును పూర్తిగా అనుభవించడం సాధ్యం కాదు. ఆ బాలిక మొదటి వాక్యం దగ్గరే కలం ఆపవలసి రావడమే అందుకు సాక్ష్యం. అయితే ఆమె ఆగిన చోటనే తన ఎరుకకు ఎల్ల ఎక్కడుందో తెలిసింది, నవలను రెండోసారి తెరవవలసిన అవసరం కలిగింది, ఇంట్లో ఎవరూ ఎత్తని మాట నానమ్మ నోట వచ్చింది. తెలియదని తెలిసిన చోటు నుంచి అడగడం మొదలుపెట్టడమే ధర్మమైన పరకాయ ప్రవేశం. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ నోటు పుస్తకంలో మంచి వచనం ఉండవచ్చు, సగంలో ఆగిన పేజీలు మాత్రమే ఉండవచ్చు. కొట్టం గోడ మీది గ్లాసు లోపలి గ్లాసుల వరుసలోకి చేరిందా లేదా అన్నది ఆ పుస్తకంలో రాసి ఉండదు. నవలకు ఆ బాలిక ఇవ్వగల మారుపలుకు మాత్రం అదే.